ఫ్లెక్సీలో ఇన్‌పేషెంట్లు

నీలాద్రిపేట బస్ కాంప్లెక్స్ ఎదురుగా, వంద పడకల ఆసుపత్రికి శంకుస్థాపన చేసిన ఖాళీ స్థలంలో నిలబెట్టిన ఫ్లెక్సీ బోర్డు రోగుల్ని చేర్చుకోవడం మొదలుపెట్టిందన్న సంగతి, ఆ ఊళ్ళో సైన్స్ ఫిక్షన్ రాసే ఒకే ఒక్క మనిషి పొన్నాడ విద్యాధరానికి అందరికంటే ఆలస్యంగా తెలిసింది.

శంకుస్థాపన జరిగి చాలా కాలమైంది. రాతి మీద చెక్కిన పేర్లలో రంగు వెలిసిపోయింది. ఆ రాయి చుట్టూ తుమ్మ మొక్కలు లేచాయి. కానీ ఆసుపత్రి ఎలా ఉండబోతోందో చూపించే బోర్డుని మాత్రం మున్సిపాలిటీ వారు ఏటా కొత్తగా ప్రింటు వేయించి కడుతూనే ఉన్నారు. అయిదంతస్తుల అద్దాల భవనం, ముందు పచ్చిక, మధ్యలో ఫౌంటెన్, అటూ ఇటూ నడిచే మనుషులు. ఒక ఉదయం జ్వరంతో బస్సు దిగిన ఓ ముసలావిడ కళ్ళు తిరిగి బోర్డుకి చేరగిలబడింది. ఆ చేరగిలబడటం కాస్త ఎక్కువైంది. సాయంత్రం బొమ్మలోని పచ్చిక మీంచి జ్వరం లేకుండా లేచి, బయటికి వచ్చి, తన ఊరి బస్సు వెళ్ళిపోయిందా అని అడిగింది.

మర్నాటికి క్యూ కట్టారు. మున్సిపాలిటీ చెయ్యాల్సింది చేసింది. బొమ్మలో పచ్చిక నడుము ఎత్తున ఉండటంతో చెక్కమెట్లు వేయించింది. మెట్ల పక్కన వాచ్‌మన్‌ని కూర్చోబెట్టింది. చెప్పులు బయట విడవాలి. రోగికి తోడు ఒక్కరే. గొడుగులు నిషేధం, ఎందుకంటే బొమ్మలో వానాకాలం లేదు. ఇందులో వింతేమిటో ఊళ్ళో ఎవరికీ తట్టలేదు. ఆసుపత్రి బాగుంటుందని అందరికీ ముందే తెలుసు, రోజూ చూస్తున్నదే. లోపలికి రానివ్వడానికి ఇన్నాళ్ళు ఎందుకు పట్టిందని మాత్రం కొందరు విసుక్కున్నారు.

విద్యాధరం జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాడు. కాలేజీ అయ్యాక కథలు రాసేవాడు. ఆయనకి కూర్చుంటే కథ రాదు. కెమెరా తగిలించుకుని ఊరంతా తిరగాలి, ఫోటోలు తియ్యాలి, వాటిని ప్రింటు వేయించి గోడకి అంటించాలి, కుర్చీ వేసుకుని వాటి వంక చూస్తూ ఉండాలి. అలా చూడగా చూడగా రైల్వే గేటు దగ్గరి వాటర్ ట్యాంకు కాళ్ళు కదిపింది, ఆయన ఇంకో గ్రహం నుంచి దిగిన యంత్రజీవుల కథ రాశాడు. తీగ అల్లుకున్న ట్రాన్స్‌ఫార్మర్ ఫోటో నుంచి కరెంటు తిని బతికే మొక్కల కథ వచ్చింది. ఆ కథలకి బహుమతులు కూడా వచ్చాయి. అలాంటిది కొన్నాళ్ళుగా గోడ మీది ఫోటోలు ఆయనకి ఏమీ చెప్పడం లేదు. వాటర్ ట్యాంకు వాటర్ ట్యాంకులాగే ఉంటోంది. ఉగాది ప్రత్యేక సంచికకి కథ అడిగిన సంపాదకుడికి ఇదిగో అదిగో అంటున్నాడు.

ఆయన భార్య హైమవతి ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. కాలితో తొక్కే మిషన్. తొక్కీ తొక్కీ కుడి మోకాలు అరిగిపోయింది. ఆ ఉదయం ఆవిడ మంచి చీర కట్టుకుని, గుమ్మంలో నిలబడి చెప్పింది.

"ఏమండీ, నేను ఆసుపత్రికి వెళ్ళొస్తాను. పప్పు కుక్కర్లో ఉంది."

"ఏ ఆసుపత్రి?"

"కాంప్లెక్స్ దగ్గర, బోర్డులోది."

"బోర్డులో ఆసుపత్రి ఉందా?"

"మీరు అంగారకుడి మీద ఊళ్ళు కట్టడంలో ఉన్నారు కదా, మీకెలా తెలుస్తుంది?" అంది హైమవతి. "కెమెరా తెచ్చుకోండి. తోడు ఒకరిని రానిస్తారట."

వెళ్ళారు. మెట్ల మీద ఆవిడ ఆయన భుజం పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది. బోర్డు అంచు దాటేటప్పుడు ముఖానికి తడిగుడ్డ తగిలినట్టనిపించింది, అంతే. లోపల పచ్చిక మెత్తగా ఉంది. ఏ వాసనా లేదు. ఎండ ఉంది కానీ వేడి లేదు. విద్యాధరం కెమెరా కళ్ళకి ఆనించిన వెంటనే ఒక సంగతి గమనించాడు. చెట్ల నీడలు ఎడమవైపు పడుతున్నాయి. మనుషుల నీడలు కుడివైపు. ఫౌంటెన్‌కి అసలు నీడే లేదు.

డాక్టర్లు ముగ్గురు, ముగ్గురూ తెల్లదొరలు. మెళ్ళో స్టెతస్కోపులు వేసుకుని, చేతులు కట్టుకుని, నవ్వుతూ నిలబడి ఉన్నారు. వాళ్ళకి ఆ చేతులు విప్పడం రాదు. మాట్లాడటం కూడా రాదు. హైమవతి మధ్యలో ఉన్నాయన ముందుకి వెళ్ళి తన మోకాలి గురించి చెప్పడం మొదలుపెట్టింది. మిషన్ సంగతి చెప్పింది. ఇంటి మెట్ల సంగతి చెప్పింది. దసరా ముందు ఊరంతటి జాకెట్లూ తన మీదే పడటం, పెళ్ళయిన కొత్తలో అద్దె ఇంటి నూతిలోంచి నీళ్ళు తోడటం, ఈయన ఇల్లు పట్టకుండా తిరగడం, అన్నీ వరసగా చెప్పింది. డాక్టరు నవ్వుతూ విన్నాడు. ఒక్కసారి కూడా గడియారం చూసుకోలేదు. నెక్స్ట్ అనలేదు. చెప్పడం పూర్తయ్యేసరికి ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

"నా మాట చివరిదాకా విన్న డాక్టరు ఈయనొక్కడే" అంది. తర్వాత మోకాలు వంచి చూసుకుంది. వంగింది. ఫౌంటెన్ చుట్టూ ఒకసారి నడిచి వచ్చింది. నొప్పి లేదు.

బయటికి వచ్చి కింది మెట్టు దిగగానే నొప్పి మళ్ళీ వచ్చింది. ఇది మామూలేనని వాచ్‌మన్ చెప్పాడు. లోపల ఉన్నంతసేపే గుణం. అందుకే చాలామంది ఇన్‌పేషెంట్లుగా చేరిపోతున్నారు.

ఆ ఫోటోలు ప్రింటు వేయించి గోడకి అంటించాడు విద్యాధరం. చాలా కాలం తర్వాత కుర్చీ వాటి ముందుకి లాక్కున్నాడు. ఇన్నాళ్ళూ ఆయన ఉన్నదాన్ని ఫోటో తీసి అందులో లేనిదాన్ని వెతికేవాడు. ఇక్కడ లేనిదాన్నే ఫోటో తీశాడు. చూసిన కొద్దీ కొత్తవి కనిపించాయి. ఇన్‌పేషెంట్లందరూ పచ్చిక మీదే పడుకుని ఉన్నారు. అద్దాల తలుపు దగ్గర ఎవరూ లేరు. మళ్ళీ వెళ్ళి ఆ తలుపు తోసి చూశాడు. తెరుచుకోలేదు. అద్దంలోంచి తొంగి చూస్తే లోపల గదులు లేవు, తెల్లగా ఉంది. బాత్‌రూమ్ ఎక్కడని అడిగితే పచ్చిక మీద పడుకున్న పెద్దాయన బస్ కాంప్లెక్స్ వైపు చూపించాడు.

ఈ బొమ్మ వేసిందెవరో కనుక్కుంటూ వెళ్తే కోర్టు వెనక వీధిలో ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు తేలింది. కంప్యూటర్ ముందు నలభై ఏళ్ళ లోపు వయసున్న ఒకావిడ కూర్చుని ఒక నాయకుడి మెడలో గజమాల అతికిస్తోంది. పేరు రెబెకా. విశాఖపట్నంలో పెయింటింగ్ చదువుకుంది. చదువు అయ్యాక కొన్నాళ్ళు బొమ్మలు వేసి, ప్రదర్శనలు పెట్టి, ఆ తర్వాత పుట్టినరోజు బ్యానర్ల దగ్గర స్థిరపడింది.

"ఆసుపత్రి లోపల ఏముందమ్మా?" అని అడిగాడు విద్యాధరం.

"ఏమీ లేదు సార్. తెలుపు."

"లోపల ఎందుకు వెయ్యలేదు?"

"ముందరి వైపు వెయ్యమన్నారు, వేశాను. సాయంత్రానికల్లా కావాలన్నారు. డాక్టర్లని ఇంటర్నెట్లోంచి తీసుకున్నాను. చెట్లు కూడా అక్కడివే. మనవైపు చెట్లు కావు." ఆవిడ మౌస్ వదిలేసి ఆయన వంక తిరిగింది. "జనం లోపలికి వెళ్తారని నాకెవరు చెప్పారు సార్? వెళ్తారని తెలిస్తే నీడలన్నా సరిగ్గా వేసేదాన్ని."

ఆ మాటకి విద్యాధరానికి ఆవిడ మీద అభిమానం కలిగింది. సంచిలోంచి తన ఫోటోలు తీసి బల్ల మీద పరిచాడు. స్టేషన్‌లో పాత టేకు బెంచీ, మెడికల్ షాపు చెక్క అరలు, కాలేజీ వరండాలో తడి గుడ్డ చుట్టిన కుండ. ఇవన్నీ ఒకప్పుడు వేరే గ్రహాల వస్తువులుగా చూద్దామని తీసినవి. రెబెకా ఒక్కోటీ చేతిలోకి తీసుకుని వెలుగులో పెట్టి చూసింది.

"వెలుగు బాగా పట్టారు సార్" అంది.

"ఇవి లోపల పెట్టగలవా?"

"పెట్టగలను. కానీ మళ్ళీ ప్రింటు వెయ్యాలి. కమిషనర్ గారి సంతకం కావాలి."

కమిషనర్ చక్రధరరావు ఈ ప్రతిపాదనని ఎంతో సంతోషంగా విన్నాడు. "భవనంలో ఒక గది కలపాలంటే ఎస్టిమేటు వెయ్యాలి, టెండరు పిలవాలి, ఎవరో ఒకరు కోర్టుకెళ్తారు. బొమ్మలో గది కలపాలంటే నా సంతకం చాలు. ఇంతకాలం ఈ దారి ఎవరికీ తట్టలేదు చూడండి" అన్నాడు. విద్యాధరాన్ని గౌరవ సలహాదారుగా నియమిస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. హోదా కింద 'భవిష్యత్ వ్యవహారాలు' అని రాశారు. సైన్స్ ఫిక్షన్ రచయితకి అంతకంటే తగిన శాఖ ఆఫీసులో లేదు.

అప్పటి నుంచి ఆయన జీవితంలో మంచి రోజులు నడిచాయి. కాలేజీ వదలగానే కెమెరాతో బయల్దేరేవాడు. ఆసుపత్రిలో ఏముండాలో ఆలోచించేవాడు, అది ఊళ్ళో ఎక్కడుందో వెతికి ఫోటో తీసేవాడు. మంచాలు, దోమతెరలు, గచ్చు, చూరు మీది పావురాలు. గోలీసోడా కొట్టు వెనక పెరిగిన వేపచెట్టుని రోజంతా కాపు కాసి, మంచి నీడ పడినప్పుడు తీశాడు. ఒక గోడ కోసం ఇద్దరూ చాలా అవస్థ పడ్డారు. ఏ గోడ ఫోటో చూసినా రెబెకా తల అడ్డంగా ఊపింది. చివరికి పక్కకి కూర్చుని, కాగితం తడిపి, నీటిరంగులతో తనే వేసింది. లేత సున్నపు నీలం. అక్కడక్కడ చెమ్మ.

"చెమ్మ ఎందుకమ్మా, కొత్త ఆసుపత్రికి?" అన్నాడు విద్యాధరం.

"చెమ్మ లేకపోతే గోడ అని నమ్మరు సార్."

వేలికి అంటిన నీలం రంగు ఆవిడ చాలాసేపు కడుక్కోలేదు. బ్రష్షు పట్టుకుని చాలా ఏళ్ళయింది.

కొత్త బోర్డు కట్టారు. తలుపు తెరుచుకుంది. ఇన్‌పేషెంట్లు పచ్చిక మీంచి లేచి వార్డుల్లోకి వెళ్ళి మంచాలు ఎంచుకున్నారు. బాత్‌రూమ్ చూసి ఒకాయన రెబెకాకి చేతులెత్తి దణ్ణం పెట్టాడు. హైమవతి కూడా ఆ రోజే చేరిపోయింది. కిటికీ పక్క మంచం, కిటికీలోంచి వేపచెట్టు. తలగడలకి గలీబులు లేవని గమనించి కుట్టు మిషన్ తెప్పించుకుంది. లోపల ఎంతసేపు తొక్కినా మోకాలు నొప్పి పుట్టదు.

విద్యాధరం రోజూ సాయంత్రం క్యారేజీ పట్టుకుని వెళ్ళేవాడు. బొమ్మలో టీ ఎప్పుడూ పొగలు కక్కుతూనే ఉంటుంది గానీ తాగితే రుచి ఉండదు. అందుకని ఇంటి తిండే కావాలి. ఆయనకి వంట అంతంత మాత్రం.

"చారులో ఉప్పు వేశారా?"

"వేశాననుకుంటాను."

"అనుకుంటే పడదండీ, వెయ్యాలి" అనేది. అని మొత్తం తినేది. తిన్నాక ఆయనకి వార్డు కబుర్లన్నీ చెప్పేది. పక్క మంచం సూరమ్మగారి ఆయాసం తగ్గడం, ఎదుటి మంచం మస్తాన్‌గారు డాక్టరుకి తన కోర్టు కేసు మొత్తం వినిపించడం. ఆయన వినేవాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో తను భార్య మాటలు ఇంతసేపు విన్నది ఇక్కడేనని ఆయనకి అనిపించేది. బహుశా డాక్టర్లని చూసి నేర్చుకున్నాడేమో. కథ రాయడం మానేశాడు. రాయాలన్న బెంగ కూడా లేదు. తను ఊహించింది కాగితం మీద కాక ఇంత వెడల్పు బోర్డు మీద ఉంది, అందులో మనుషులు నిద్రపోతున్నారు.

కాలేజీలో ల్యాబ్ పరీక్షలు జరుగుతున్నప్పుడు కమిషనర్ దగ్గర్నుంచి పిలుపు వచ్చింది. వెళ్ళేసరికి రెబెకా కూడా అక్కడే ఉంది.

"శుభవార్త" అన్నాడు చక్రధరరావు. "మన ఊరికి విమానాశ్రయం మంజూరైంది."

"ఎప్పుడు కడతారండీ?" అన్నాడు విద్యాధరం.

"సోమవారం కడతాం."

"విమానాశ్రయమా?"

"బోర్డు."

కాంప్లెక్స్ ఎదుటి స్థలం తప్ప పెద్ద బోర్డుకి చోటు లేదు. ఆసుపత్రి బోర్డు దించాలి. ఇన్‌పేషెంట్లని ఆదివారం సాయంత్రంలోగా డిశ్చార్జి చెయ్యాలని ఉత్తర్వు తయారైంది. పాత ఫ్లెక్సీలు నీలాద్రిపేటలో వృథా పోవు. ఒకటి టిఫిన్ బండికి పైకప్పు, ఒకటి గడ్డివాము మీద కప్పు, ఇంకొకటి రెండు గుడిసెల మధ్య గోడ. ఆసుపత్రి ఫ్లెక్సీని మున్సిపాలిటీ చెత్త లారీ మీద కప్పడానికి కేటాయించారు.

విద్యాధరం అక్కడి నుంచి నేరుగా వార్డుకి వెళ్ళాడు. వార్త అప్పటికే తెలిసింది. కొందరు మూటలు సర్దుకుంటున్నారు. ఎక్కువమంది మంచాల మీదే ఉన్నారు. హైమవతి గలీబు కుడుతోంది.

"ఇంటికి పోదాం హైమా."

"నేను రాను."

"బోర్డు చుట్టేస్తారు."

"చుట్టనివ్వండి."

"చెత్త లారీ మీద కప్పుతారట."

ఆవిడ మిషన్ ఆపింది. "చూడండి. ఇంటికొస్తే వీధి గుమ్మానికి మెట్లు. లోపల ఇంకో మెట్టు. బాత్‌రూమ్‌కి మెట్టు. రాత్రి అటు తిరిగితే నొప్పి, ఇటు తిరిగితే నొప్పి. మీరు నిద్రలేస్తారని పళ్ళు బిగబట్టుకుని పడుకునేదాన్ని. అది మీకు తెలుసా?"

ఆయనకి తెలియదు.

"ఇక్కడ నేను నడుస్తున్నాను" అంది హైమవతి, మెల్లిగా. "మీ చేతులతో మీరు తయారుచేసిన చోటండీ ఇది. దీన్ని వదలమని మీరే చెప్తే ఎలా?"

దారి రెబెకాకే తట్టింది. విమానాశ్రయం బొమ్మ వెయ్యాల్సింది తనే. విమానాశ్రయమంటే ప్రయాణికులుండాలి. ఎప్పటిలా ఇంటర్నెట్లోంచి తెచ్చే బదులు, ఇన్‌పేషెంట్ల ఫోటోలు తీసి అందులో అతికిస్తే, సోమవారం బోర్డు కట్టగానే వాళ్ళు అందులో ఉంటారు. చక్రధరరావు ఫైలు తెప్పించుకుని చూశాడు. రోగులు విమానాశ్రయంలో ఉండటానికి నిబంధన ఒప్పుకోదు.

"ప్రయాణికులని రాయండి సార్" అంది రెబెకా.

"అలాగైతే అభ్యంతరం లేదు" అని సంతకం చేశాడు.

"ముందు మీ మేడమ్‌గారి ఫోటో ఇవ్వండి సార్, కొలత చూసుకుంటాను" అని ఆవిడ విద్యాధరాన్ని అడిగింది. ఆయన ఇంటికి వెళ్ళి అట్టపెట్టెలన్నీ దించాడు. వేల ఫోటోలున్నాయి. టవర్లు, ట్యాంకులు, పొగగొట్టాలు, మేఘాలు, ఓడరేవులో క్రేన్లు, గ్రహణాలు. హైమవతి ఫోటో ఒక్కటి కూడా లేదు. పెళ్ళి ఫోటో ఇంకెవరో తీసింది. అందులో ఆవిడ తల వంచుకుని ఉంది, ముఖం కనిపించదు. పెట్టెల మధ్య నేల మీద కూర్చుండిపోయాడు. అన్ని గ్రహాలు తిరిగిన కెమెరా వంటింట్లోకి ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

మర్నాడు ఉదయాన్నే వార్డుకి వెళ్ళి ఆవిడ ఎదురుగా నిలబడ్డాడు.

"ఏమిటి?" అంది.

"ఫోటో."

"నాకా?" హైమవతి చెయ్యి జుట్టు మీదికి వెళ్ళింది. "జడైనా వేసుకోలేదు."

"ఫరవాలేదు. అలాగే ఉండు."

కెమెరాలోంచి చూశాడు. కిటికీ వెలుగు ఆవిడ ఎడమ చెంప మీద పడుతోంది. కణతల దగ్గర తెల్లవెంట్రుకలు. పెదవి చివర సూది పట్టుకునే అలవాటు వల్ల పడిన చిన్న గీత. ఇవన్నీ ఎప్పటి నుంచి ఉన్నాయో ఆయనకి గుర్తు లేదు. ఒక ఆలోచన కూడా వచ్చింది. ఈ ఒక్క ఫోటో తియ్యకపోతే, లేదా తీసి పాడైపోయిందని చెప్తే, హైమవతి ఇంటికి రాక తప్పదు. ఆ ఇంట్లో క్యారేజీ గిన్నె ఒక్కటే తోముకుంటూ తను ఎన్నాళ్ళుండగలడు? వేలు బటన్ మీద ఆగింది.

"ఇంకా నొక్కరేం?" అంది హైమవతి. "టిఫిన్ తిన్నారా లేదా?"

ఆయన బటన్ నొక్కాడు.

తర్వాత వార్డులో అందరికీ తీశాడు. ఇంతకు ముందు మనుషుల్ని తీసింది లేదు, ఎలా నిలబెట్టాలో తెలియదు. అందుకని ఒక్కొక్కరి మంచం మీద కూర్చుని కాసేపు మాట్లాడాడు. సూరమ్మగారు ముక్కుపుడక తిప్పుకుని సిద్ధమైంది. మస్తాన్‌గారు కేసు గెలిచినట్టు కూర్చున్నాడు. ఆదివారం మధ్యాహ్నానికి అందరి ఫోటోలూ రెబెకా దగ్గరికి చేరాయి. ఆవిడ ఒక్కొక్కరినీ అంచు తెగకుండా కత్తిరించి లాంజ్‌లో కుర్చీల్లో కూర్చోబెట్టింది. ఈసారి నీడలన్నీ ఒకే వైపు పడేలా చూసుకుంది. డాక్టర్లు ముగ్గురికీ టోపీలు పెట్టి పైలట్లుగా మార్చింది. వాళ్ళ చేతులు అలాగే కట్టుకుని ఉన్నాయి.

హైమవతి పక్కన ఒక కుర్చీ ఖాళీగా మిగిలింది.

"ఇందులో ఎవరిని పెట్టను సార్?" అంది రెబెకా, స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పకుండా.

విద్యాధరం ముందుకి వంగి స్క్రీన్ మీద ఆ కుర్చీకి వేలు ఆనించాడు. "పెళ్ళినాటిది తప్ప నా ఫోటో కూడా ఎక్కడా లేదమ్మా. నేనెప్పుడూ కెమెరా వెనకే ఉన్నాను" అన్నాడు.

ఆవిడ లేచి ఆయన మెళ్ళోంచి కెమెరా తీసుకుంది. "గోడకి చేరగిలబడకండి. కాస్త ఎడమకి తిరగండి. అమ్మగారు అటువైపు ఉన్నారు."

సోమవారం బోర్డు కట్టారు. బ్యాండు మేళం వచ్చింది. కాలేజీ వారికి విద్యాధరం దీర్ఘకాలిక సెలవు చీటీ వెళ్ళింది. కారణం దగ్గర 'ప్రయాణం' అని ఉండటంతో ప్రిన్సిపాల్ మంజూరు చేశాడు.

విమానాశ్రయం బాగుంది. కుర్చీలు మెత్తన. అద్దం అవతల రన్‌వే, దాని మీద ముందు చక్రాలు లేచి, వెనక చక్రాలు నేలని వదలని ఒక విమానం. అది ఎప్పుడు లేస్తుందని మొదట్లో ఒకరిద్దరు అడిగారు. ఆలస్యమవుతుందని ఎవరూ ప్రకటించలేదు కాబట్టి ఆలస్యం లేదనే అందరూ అనుకున్నారు. హైమవతి లాంజ్ ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి వస్తుంది, వచ్చి ఆయన పక్కన కూర్చుంటుంది. రెబెకా వారానికోసారి మెట్లెక్కి వచ్చి, ఇంటి కూర తెచ్చిపెట్టి, ఎవరి రంగైనా వెలిసిందేమోనని దగ్గరగా చూసి వెళ్తుంది. ఉప్పు సరిగ్గా ఉంటుంది. బస్సులో వెళ్ళేవాళ్ళు కిటికీల్లోంచి బోర్డు చూసి, నీలాద్రిపేట ఎంత మారిపోయిందో అనుకుంటూ వెళ్తారు.

అక్కడే విద్యాధరానికి కథ వచ్చింది. రాసి రెబెకా చేత సంపాదకుడికి పంపించాడు. ఒక ఊళ్ళో ఆసుపత్రి కడతామంటారు, కడతారు. ఇటుకలతో. డాక్టరు చేతులు విప్పి రోగి మోకాలు పట్టుకుని చూస్తాడు. రోగికి నొప్పి తగ్గుతుంది, ఇంటికి వెళ్తుంది, ఇంట్లో కూడా తగ్గే ఉంటుంది. అంతే కథ.

సంపాదకుడు ఫోన్ చేశాడు. "మీ కథల్లో కల్పన ఎక్కువే గానీ, ఇది మరీ శ్రుతి మించిందండీ. యంత్రజీవులంటే పాఠకులు ఒప్పుకున్నారు. మొదలుపెట్టిన భవనం పూర్తవుతుందంటే ఎలా పూర్తవుతుంది? సైన్స్ ఫిక్షన్ కదా, కనీసం ఒక పేరాలోనైనా శాస్త్రీయమైన కారణం చెప్పాలి."

విద్యాధరం ఎంత ఆలోచించినా ఫిజిక్స్‌లో దానికి కారణం దొరకలేదు. హైమవతిని అడిగాడు. ఆవిడ లాంజ్‌లోకి కూడా తెప్పించుకున్న మిషన్‌కి దారం ఎక్కిస్తూ, "ఇక్కడ జరిగిందని ఎందుకు రాయడం? ఇంకో గ్రహంలో అనండి" అంది.

అలాగే మార్చాడు. సంచికలో అచ్చయింది. లాంజ్‌లో ప్రయాణికులు ఒకరి తర్వాత ఒకరు చదివారు. అందరికంటే చివర చదివిన మస్తాన్‌గారు, సంచిక మడిచి ఒళ్ళో పెట్టుకుని, విద్యాధరం వైపు వంగాడు.

"మాస్టారూ, ఆ గ్రహంలో గోడ మీద చెయ్యి పెడితే నిజంగా తగులుతుందంటారా?"

"కథ కదండీ" అన్నాడు విద్యాధరం.

"అదే లెండి" అన్నాడు మస్తాన్‌గారు. తృప్తిగా వెనక్కి వాలి, అద్దం అవతల లేస్తున్న విమానాన్ని చూస్తూ కూర్చున్నాడు.